ఎక్స్‌రే కవరు

డెబ్బైల్లో ఇంగ్లండుకు చదువుకోడానికి వెళ్లేవాళ్లు ఛాతీ ఎక్స్‌రే వెంట తీసుకెళ్లాలి. విజయవాడలో అది తీయించుకుని, మడత పడకుండా ఎత్తి పట్టుకుని బందరు బస్సులో నిలబడ్డాను. ఖాళీ చేపల తట్టతో కూర్చున్న ఒకావిడ ఆ పెద్ద కవరు చూసింది.

"ఛాతీ ఫొటోనా అమ్మా?"

"అవునండీ."

వెంటనే లేచి తన సీటు ఇచ్చింది.

"మా ఆయనకీ టీబీ అని ఇట్టాగే తీశారు. కాస్త నెమ్మదించగానే మందులు మానేశాడు, పోయాడు. నువ్వు మాత్రం మానమాకమ్మా."

నాకే జబ్బూ లేదని చెబితే లేవాల్సొస్తుందని, "మాననండీ" అన్నాను. పామర్రు దాకా ఆవిడ నిలబడే ఉంది.

లండన్‌లో దిగాక ఆ కవరు ఎవరూ చూపించమనలేదు. దాని గురించి నన్ను అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే.