ఎవరి అడుగులండీ?

గట్టు టీచరుకి కోపం వస్తే ముందు చెప్పులు వేసుకుంటుంది. నోరు ఆ తరవాత. మొగుడికి ఈ సంగతి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఆవిడ కాళ్ళు గుమ్మం దగ్గర చెప్పుల కోసం తడుముకుంటుంటే, "ఇవాళ ఎవరికి మూడింది?" అని అడిగి, మళ్ళీ తన పడవ ఇంజను సామాన్లు తుడుచుకుంటూ కూర్చుంటాడు.

ఆవిడకీ ఒక అసలు పేరుంది, బడి రిజిస్టర్లో. ఊరందరికీ మాత్రం గట్టు టీచరే. నాలుగైదేళ్ళ పిల్లల తరగతి ఆవిడది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి గురువారం పిల్లల్ని వెంటేసుకుని ఆ పాత ఊరి కాలువ గట్లన్నీ తిప్పుతుంది. వీధికో కాలువ, సందుకో వంతెన ఉన్న ఊరది. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట సరుకు పడవల కోసం తవ్వించారు. పడవలు తగ్గిపోయాయి గానీ నీళ్ళెక్కడికీ పోలేదు. ఆవిడ పిల్లలు అక్షరాలు కొట్ల బోర్డుల మీద నేర్చుకుంటారు, అంకెలు వంతెన మెట్ల మీద నేర్చుకుంటారు. పాత రాతి వంతెన దగ్గర అంచు రాయి మీద లోతుగా గాడులుంటాయి. వాటిలో వేళ్ళు పెట్టించి, "ఇవెలా పడ్డాయో చెప్పండి చూద్దాం" అంటుంది. పాము కొరికిందంటాడొకడు. గట్టు మీంచి పడవల్ని లాగిన తాళ్ళు రాసుకుని రాసుకుని రాయి అరిగిపోయిందని చెప్తే, వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి ఆ రాయిని మళ్ళీ మళ్ళీ తడుముతారు.

ఒక బుధవారం హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిచాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆవిడ తరగతిలో ముక్కు కార్చుకుంటూ కూర్చున్నవాడే. గదిలో మూడో మనిషి లేకపోతే ఆవిడ ఇప్పటికీ నువ్వనే అంటుంది.

"విద్యాధికారి ఆఫీసు నుంచి వచ్చిందండీ," అంటూ ఒక కాగితం ముందుకు జరిపాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "ఏడేళ్ళలోపు పిల్లలను కాలువ అంచుకు ఇరవై అడుగుల లోపు నడిపించరాదు. అతిక్రమించిన ఉపాధ్యాయులను తరగతి నుంచి తప్పించి రికార్డు గదికి పంపవలెను." చదివి కాగితం బల్ల మీద పెట్టింది. "ఎవరి అడుగులు?"

"అంటే?"

"నా అడుగులా, నీ అడుగులా, పిల్లల అడుగులా? స్కేలు పెట్టి కొలిచే అడుగులా?"

హెడ్మాస్టరు కాగితం తిప్పి చూశాడు. "అడుగులంటే అడుగులేనండీ. రేపు గురువారం. ఈ ఒక్కసారికి నా మాట వినండి, టీచర్. మిమ్మల్ని రికార్డు గదిలో చూడలేను నేను."

రికార్డు గది మేడ మీద ఉంది. ఒక్కటే కిటికీ, గోడల పొడుగునా బూజు పట్టిన ఫైళ్ళు. ఆవిడకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. పిల్లల గొంతు వినపడని ఆ గదిలో నాలుగేళ్ళు! భయపడింది, అబద్ధమెందుకు? భయపడ్డందుకు తన మీద తనకే ఇంకా కోపమొచ్చింది.

"నేనెందుకు అతిక్రమిస్తాను?" అంది, కాళ్ళు చెప్పుల్లో దూరుస్తూ. "ఇరవై అడుగుల అవతలే తిప్పుతాను. అలాంటి చోటెక్కడుందో ముందు వెతకాలి కదా!"

గురువారం తొమ్మిదింటికి పదకొండు మంది పిల్లలు బడి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ గంభీరంగా చెప్పింది. "ఇవాళ మనకో పని ఉంది. నీళ్ళకి ఇరవై అడుగుల దూరంలో ఉన్న చోటు పట్టుకోవాలి. నేను అడుగు అన్నప్పుడల్లా ఒక్కటే అడుగు వెయ్యాలి. తెలిసిందా?"

"అడుగు!" అంది ఆవిడ. పదకొండు మందీ ఒక అడుగేశారు. "అడుగు!" ఇంకొకటి. పద్నాలుగో అడుగుకి గట్టొచ్చేసింది.

"అయితే మన బడి కూడా తప్పేనా, టీచర్?" అన్నాడు బొండాం. బుగ్గల వల్ల ఆ పేరొచ్చింది వాడికి.

"తప్పే. ఇక్కడ చదువుకోకూడదు. పదండి, ఇంకోటి చూద్దాం."

రొట్టెల కొట్టుకి తొమ్మిది అడుగులు. కొట్టువాడు బయటికొచ్చి ఏంటీ గోల అని అడిగితే, "మీరు నీళ్ళకి మరీ దగ్గరగా ఉన్నారు, మీ దగ్గరికి రాకూడదు" అని పిల్లలు ముక్తకంఠంతో చెప్పారు. గ్రంథాలయం కింది మెట్టు నీళ్ళలోనే ఉంది. ఆ పదకొండు మందీ పుట్టిన ఆసుపత్రికి పన్నెండు అడుగులు. పళ్ళూడిన పిల్ల ఒకతి తన ఇల్లు చూపించింది. ఆ ఇంటి వంటగది కిటికీ కిందే కాలువ. "అమ్మ అంట్లు కడుగుతుంటే చేపలు కనిపిస్తాయి," అంది. పెద్ద గడియారం ఉన్న కూడలి నడిమధ్యన మాత్రం ఒక పక్క ఇరవై రెండు వచ్చాయి. పిల్లలు గెంతులేశారు. రెండో పక్క లెక్కపెడితే పద్దెనిమిదే. మొహాలు వేలాడేశారు.

"ఇంక ఒక్కటే మిగిలింది," అంది ఆవిడ. "ఈ కాగితం రాసిన ఆఫీసు."

విద్యాధికారి ఆ ఊరికి కొత్త. మెట్ట ప్రాంతం మనిషి, బదిలీ మీద వచ్చి రెండు నెలలు. పదకొండు మంది పిల్లలు బిలబిలమంటూ గదిలోకి దూసుకొచ్చేసరికి ఆయన చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. పిల్లలు ఆయన్ని చూడనైనా లేదు. చెక్క నేల మీద బోర్లా పడుకుని చెవులానించారు. ఆ ఆఫీసు కట్టిందే కాలువ మీద. నేల కింద కమానులోంచి నీళ్ళు పారుతుంటాయి.

"టీచర్! ఇక్కడ అడుగులే లేవు! సున్నా!" అని అరిచాడు బొండాం.

"విన్నారా, సార్?" అంది ఆవిడ. "తమరి కుర్చీ దగ్గర ఏడేళ్ళలోపు పిల్లలు నిలబడకూడదు."

ఈలోగా ఒక పిల్లవాడు కాళ్ళు మెలికేసుకుంటూ ఆవిడ చీర లాగాడు. బాత్రూముకి వెళ్ళాలిట. ఆఫీసు ఆయనది కదా, "సార్ని అడుగు" అంది ఆవిడ. పొద్దుట్నుంచీ ఆ మాటకి అలవాటుపడ్డవాడు ఒక అడుగు ముందుకేశాడు. "అడగరా!" అంటే అర్థంకాక మొహంలోకి చూశాడు. "అడుగు!" అంది మళ్ళీ. ఈసారి పదకొండు మందీ లేచి కలిసి వేశారు. ఆయన బల్లకి పొట్టలు తగిలేదాకా సాగింది ఆ వ్యవహారం. ఆయనకి నవ్వాగలేదు. అటెండరుని పిలిచి పిల్లవాణ్ణి పంపించాడు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "టీచర్ గారూ, నేను సరదాకి పంపలేదు ఆ కాగితం," అన్నాడు. "నేను పనిచేసిన పాత ఊళ్ళో ఒక పాప చెరువులో పడిపోయింది. బడి నుంచి తీసుకెళ్ళినప్పుడే. వాళ్ళమ్మకి కబురు చెప్పింది నేను. ఆవిడ మొహం మీరు చూడలేదు."

గట్టు టీచరు గొంతు కాస్త దిగింది. "చూడలేదు సార్. మా అమ్మ మొహం చూశాను. నాలుగేళ్ళప్పుడు నేను కాలువలో పడ్డాను. పడవ మనిషి కొక్కెం కర్రతో భుజం పట్టి లాగాడు. మచ్చ ఇప్పటికీ ఉంది. అమ్మ హడలిపోయి రెండేళ్ళు నన్ను గడప దాటనివ్వలేదు. కిటికీలోంచి చూస్తూ పెరిగాను. ఆరేళ్ళకి బడిలో వేద్దామని తలుపు తీసింది. రెండో రోజే మళ్ళీ పడ్డాను."

"మళ్ళీనా?"

"మళ్ళీనే! గట్టు ఎక్కడ అయిపోతుందో నా కాళ్ళకి తెలీదు సార్. ఎలా తెలుస్తుంది? వీళ్ళ కాళ్ళకి తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కళ్ళూ పడలేదు."

"రేపు పడితే?"

"పడితే నేను దూకుతాను. మీ కాగితం దూకుతుందా?"

ఆయన మొహం ఎర్రబడింది. "మాటలు బానే ఉన్నాయి. పైనుంచి వచ్చిన నియమం మాత్రం నియమమే. పిల్లల్ని తీసుకుని ముందు బడికి వెళ్ళండి."

"వెళ్ళను," అంది గట్టు టీచరు. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇక్కణ్ణుంచి బడికి ఏ దారిన వెళ్ళినా గట్టే. తీసుకెళ్తే నేను తప్పు చేసినట్టు. ఇరవై అడుగుల దారి మీరే చూపించండి, బుద్ధిగా ఆ దారినే పోతాం."

గోడ మీద ఊరి పటం ఉంది. ఆయన లేచి దాని ముందు నిలబడ్డాడు. బడి మీద వేలు పెట్టి ఆఫీసు వైపు జరిపాడు, ఆగాడు, ఇంకో సందులోంచి ప్రయత్నించాడు, మళ్ళీ ఆగాడు. వేలు ఎటు కదిలినా నీలం గీత తగులుతోంది. పిల్లలు కూడా చేరి, "అటు కాదు సార్, అక్కడ వంతెనుంది" అని సాయం చేశారు. చాలాసేపయ్యాక ఆయన చొక్కా సర్దుకుని, "పదండి, నేనూ వస్తాను" అన్నాడు.

గట్టు మీదకి రాగానే ఆయన నడక మారిపోయింది. కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి, కాళ్ళు బిగుసుకుపోయి తడబడుతున్నాయి. పళ్ళూడిన పిల్ల రెండు నిమిషాలు చూసి, వెళ్ళి ఆయన వేలు పట్టుకుంది.

"సార్, మీరు గోడ పక్కకి రండి. కొత్తవాళ్ళు గోడ పక్కనే నడవాలి."

ఆయన గోడ పక్కకి జరిగాడు. బడి వచ్చేదాకా వేలు వదలలేదు.

గుమ్మంలో హెడ్మాస్టరు అధికారిని చూసి బిక్కచచ్చిపోయాడు. "ఆ కాగితం ఇలా తెండి," అన్నాడు అధికారి. గోడకానించి, రికార్డు గది వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. "ఇది నేను చేర్చిన మాట, తీసేశాను. ఇరవై అడుగుల మాట పైవాళ్ళది. దాన్ని తీసే అధికారం నాకు లేదు. అది వాళ్ళనే అడగాలి."

గట్టు టీచరు కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కొట్టేసిన వాక్యాన్నీ మిగిలిన వాక్యాన్నీ చదివింది. పిల్లలు చుట్టూ మూగారు.

"అడుగుతాం," అంది. "వాళ్ళ ఆఫీసెక్కడ సార్? వీళ్ళు నడవగలిగినంత దూరమేనా?"