అన్న పెళ్ళికి నేను నడిపిన కారు

మా అన్న పెళ్ళి దాదాపు తప్పిపోయేంత పని చేసిన ఘనుణ్ని నేను. ఆ కథ మా వదిన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆవిడ చెబితే నా పరువు ఇంకా ఎక్కువ పోతుంది కాబట్టి, నేనే చెప్పేస్తాను.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో మాట. లాల్‌దర్వాజాలో ఉండేవాళ్ళం. నాకు ఇరవై ఏళ్ళు. ఒక వకీలుగారి కారు నడిపే యూసుఫ్ భాయ్ పక్కన కూర్చుని కొన్నాళ్ళు తిరిగి, నేనూ నడపడం నేర్చాను. నేర్చినది తక్కువ, చెప్పుకున్నది ఎక్కువ. అన్న నర్సింహకు పెళ్ళి కుదరగానే, "పెండ్లికొడుకు ఎడ్లబండిల పోవుడేంది? నేను కార్ల తీస్కపోత!" అని అందరిముందూ మాటిచ్చేశాను. వకీలుగారు పెద్ద మనసుతో కారు ఇచ్చారు. యూసుఫ్ భాయ్ జ్వరంతో మూలుగుతూనే తాళం నా చేతిలో పెట్టాడు.

"బ్యాటరీ జర కమ్‌జోర్ ఉన్నది బేటా. నీళ్ళు తగ్గితే భట్టి నీళ్ళే పొయ్యి. నల్లా నీళ్ళు పోస్తే ఖతం."

"భట్టి నీళ్ళంటే?"

"ఆవిరి పట్టి దించిన నీళ్ళు. ఫికర్ చెయ్యకు, రేపటికి నడుస్తది."

నడిచేదే. కానీ ఆ సాయంత్రం వాడకట్టంతా కారు చుట్టూ చేరింది. లైట్లు వేసి చూపమన్నారు, వేశాను. హారన్ కొట్టమన్నారు, కొట్టాను. కొత్తగా ఎవరొస్తే వాళ్ళకోసం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. నా అంత ఉదారుడు ఆ పూట నగరంలో లేడు.

తెల్లవారి పొద్దెక్కింది. అన్న బాసింగం కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. ఆడపిల్లవాళ్ళ ఇల్లు ఫలక్‌నుమా దగ్గర. నేను ఠీవిగా మీట నొక్కాను. కారు "టక్" అని ఊరుకుంది.

"ఏందిరా?" అన్నాడు అన్న.

"ఇంజన్ సల్లగున్నది. గరం గావాలె."

"గీ మండుటెండల సల్లగుండుడేందిరా?"

దిగి, కారు ముందుకు వెళ్ళి హ్యాండిల్ తిప్పాను. తిప్పి తిప్పి నేను గరమయ్యాను, ఇంజన్ కాలేదు. హారన్ నొక్కితే జలుబు చేసిన మేకపిల్లలా మూలిగింది. లైట్లు వేస్తే నూనె అయిపోయిన దీపంలా ఎర్రబడ్డాయి. అప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని, "బ్యాటరీ!" అని ప్రకటించాను.

అయ్యా, రోగం నేను సరిగ్గానే కనిపెట్టాను. ఆ ఒక్క గౌరవమైనా నాకు దక్కనివ్వండి. వైద్యం దగ్గరే వచ్చింది చిక్కు.

బ్యాటరీ మూతలు తీసి చూస్తే నీళ్ళు అడుగంటాయి. భట్టి నీళ్ళ కోసం పరుగెత్తాను. మూడు సందుల అవతల అత్తరు దుకాణం కనిపించింది.

"భాయ్, భట్టి నీళ్ళున్నయా? ఆవిరి పట్టి దించినవి?"

"ఉన్నయ్ మియా! బిల్కుల్ ఖాలిస్. షాదీకేనా?"

"ఔ, షాదీకే!"

ఇద్దరం నిజమే చెప్పుకున్నాం చూడండి. మూత తీసి వాసన చూశాను.

"ఘుమఘుమ వాసనొస్తున్నదేంది భాయ్?"

"అసలు సరుకు గట్లనే ఉంటది. నల్లా నీళ్ళు ఒక్క బొట్టు కలిసినా దుకాణం మూసేస్త!"

నల్లా నీళ్ళు లేవు కదా, ఇంకేం కావాలి? సీసా తెచ్చి మొత్తం బ్యాటరీలో పోశాను. మీట నొక్కాను. "టక్." ఈసారి ముందువైపునుంచి గులాబీ తోటంతా ఒక్కసారి పూసినట్టు గుప్పున వాసన వచ్చింది. మా మల్లయ్య మామ నా చేతిలోని సీసా లాక్కుని వాసన చూశాడు.

"అరేయ్, గిది పన్నీర్రా! పెండ్లిల మంది మీద సల్లేది!"

"భట్టి నీళ్ళే మామా, ఒట్టు!"

"ఔ, గులాబీలేసి భట్టి పెట్టినయి!"

అన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ముహూర్తం దాటిందనుకో, నిన్ను గా బ్యాటరీలనే ముంచుత!" అన్నాడు. పెళ్ళికొడుకు కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మల్లయ్య మామకు పాడి ఉంది. గడ్డి తెచ్చే బండికి కట్టే జోడెడ్లను తోలుకొచ్చి, మారుమాట లేకుండా కారు ముందు మోకులతో కట్టాడు. అలా బయలుదేరాం. ఎడ్లు లాగుతుంటే నేను లోపల కూర్చుని స్టీరింగు తిప్పాను. దిగుడు వచ్చినప్పుడల్లా కారు ఎడ్లమీదికి పోకుండా బ్రేకు తొక్కాను. హారన్ పలకదు కనుక, "పోం! పోం!" అని నేనే అరిచాను. దారి పొడవునా జనం పనులు మానుకుని చూశారు.

ముహూర్తానికి కాస్త ముందే చేరాం. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను. కానీ పెళ్ళికూతురి నాయనమ్మ హారతి పట్టుకుని ఎదురొచ్చి, నోరు తెరిచి నిలబడిపోయింది.

"అబ్బ! కారుకు ఎడ్లు గట్టి తెచ్చిన్రు! గింత వైభోగం యాడ సూడలే!"

ఎడ్లకు బొట్టు పెట్టింది, కారుకు హారతి ఇచ్చింది. మామ మీసం దువ్వుకున్నాడు. పెళ్ళి దివ్యంగా జరిగింది. వకీలుగారు మాత్రం కొత్త బ్యాటరీ వేయించుకున్నా చాలాకాలం నా ముఖం చూడలేదు.

కొన్నాళ్ళకు అన్న మామగారు మా ఇంటికి వచ్చారు. "మా చిన్నపిల్ల పెండ్లి పెట్టుకున్నం. ఆనాటి సవారీ మీరు పంపాలె," అన్నారు. నా ఛాతీ ఉబ్బింది.

"దాందేమున్నది బాపూ! వకీల్‌సాబ్ కాళ్ళు పట్టుకొనైన కారు తెస్త. నేనే నడుపుత!"

"కారు మేం యాడన్న సూస్కుంటం," అన్నారాయన మెల్లగా. "నువ్వు గూడ రాకున్నా నడుస్తది. గా ఎడ్లను పంపున్రి సాలు."

ఆ క్షణమే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: ప్రాణం ఉన్నంతవరకూ ఏ యంత్రానికీ దాహం తీర్చను. అది నోరు తెరిచి మంచినీళ్ళు అడిగినా సరే!