ఎస్టీడీ బూత్ కాడ దిగుండ్రి

మొన్న మా బిడ్డ ఫస్ట్ బర్త్‌డేకు ఇంటినిండ చుట్టాలుండంగ బిర్యానీ సల్లబడ్డది. వంటాయన తప్పేం లేదు. తప్పంత నా నోటిదే, వినుండ్రి.

మాది శంషాబాద్. మా చర్చోళ్ళ ఇండ్లల్ల అయ్యగారు వచ్చి ప్రార్థన చేసినంకనే కేకు కోసేది, ముద్ద ముట్టేది. కొత్తగ వచ్చిన పాస్టర్ అయ్యగారిది గుంటూరు దిక్కు. మా ఇల్లు చూడలే. పొద్దుగాల ఫోన్ల చెప్పిన: "బస్సు దిగి ఎస్టీడీ బూత్ కాడ నిలబడుండ్రి. నేనే బండి మీద వచ్చి తోల్కపోత."

గా చౌరస్తాల ఎస్టీడీ బూతే లేదు! ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పుడు రోడ్డు వెడల్పు చేసి కొట్టేసిండ్రు. ఒకప్పుడు ఎవరితోటి మాట్లాడాలన్నా ఆ అద్దాల డబ్బా ముంగట లైన్ కట్టాల్సిందే. ఎవరింట్ల సంబంధం కుదిరినా, చెడినా ముందు బూతాయనకే తెలిసేది. అంతకుముందు అక్కడ వడ్లు తూచే కాంటా ఉండెనట. మా బాపు ఇప్పటికీ "కాంటా కాడ" అనే అంటడు. ఇప్పుడున్నది బేకరీ, దాని మీద ప్లాట్లు అమ్మే ఆఫీసు. కానీ బేకరీ అని నా నోటికి రాదు, ఏం చేస్త!

బేకరీ ముంగట నిలబడి చూస్తున్న, చూస్తున్న, అయ్యగారు లేరు. ఫోన్ స్విచ్చాఫ్. ఇంటికాడి నుంచి నా భార్య ఒక్కతీరుగ ఫోన్లు.

"ఏడున్నవ్? పిల్ల ఏడ్సి ఏడ్సి పండుకున్నది. కేకు సుత సిటీ నుంచి ఇంక రాలే. మా నాయినకు షుగరు, ఇగ ఆగలేడు!"

నేను ఫుల్ పరేషాన్. అంతల ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్.

"బాబూ, నేనండీ, పాస్టర్‌ని. సెల్‌లో ఛార్జింగ్ అయిపోయింది, మీ నంబర్ డైరీలో ఉంది కాబట్టి సరిపోయింది. ఎస్టీడీ బూత్ దగ్గరే ఉన్నాను, మీరెక్కడండీ?"

"నేను సుత ఈడనే ఉన్న అయ్యగారూ! మీరే కనబడ్తలేరు!"

"నేను బూత్ లోపలే ఉన్నానండీ. ఇక్కడి నుంచే చేస్తున్నాను."

"ఏ బూత్‌ల?"

"శంషాబాద్‌లో దిగి అడిగితే అందరూ బేకరీ చూపించి ఇదే బూత్ అన్నారండీ. నాకు నమ్మకం కుదరలేదు. ఆటో ఆయన్ని అడిగితే, అసలు బూత్ ఒకటుందని ఇంత దూరం గగన్‌పహాడ్ దాకా తీసుకొచ్చాడు."

బండి ఉరికిచ్చిన. అయ్యగారిని ఎక్కించుకొని ఎర్రటెండల, హైవే మీద, లారీల నడుమ తోల్కొచ్చిన. ఇంట్లకు అడుగు పెట్టంగనే చుట్టాలంత నన్ను చూసిన చూపుకు తలకాయ ఎత్తలేకపోయిన. మా మామ అయితే డైరెక్ట్‌గ బిర్యానీ గిన్నె దిక్కే చూస్తున్నడు.

అయ్యగారు మాత్రం సీదా పిల్ల కాడికి పోయిండ్రు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నరు. "ప్రభువా, కంటికి కనబడని దాన్ని కూడా ఉన్నట్టే నమ్మే ఈ ఊరివారిని దీవించు తండ్రీ..."

సరిగ్గ అప్పుడే నా జేబుల ఫోన్. కేకు తెచ్చే డ్రైవర్. "అన్నా, శంషాబాద్ వచ్చిన. ఎటు రావాలె?"

మూలకు జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, మెల్లగ చెప్పిన: "జర ఎస్టీడీ బూత్ కాడ ఆగు, వస్తున్న."

అయ్యగారు ఒక కన్ను తెరిచి నా దిక్కు చూసిండ్రు. మల్ల మూసుకున్నరు.

"ముఖ్యంగా ఈయన్ని, ప్రభువా!"