పని చేయనివ్వని ట్యాబ్

2024 ఏప్రిల్, ఎండాకాలం. నిజామాబాద్ బస్టాండు దగ్గరి సందులో నా కంప్యూటర్ రిపేరు షాపు. పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో బోధన్ నుంచి సుజాత వచ్చింది. ఇంట్లో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకొని జాకెట్ల మీద పూలు, నెమళ్లు కుట్టిస్తుంది. సంచిలోంచి ఖరీదైన కొత్త ట్యాబ్ తీసింది, పెన్నుతో సహా.

“అన్నా, నా డిజైన్ సాఫ్ట్‌వేర్ గిండ్ల ఎక్కుతలేదు. జర సూడు.”

“పాత కంప్యూటర్ ఏది చెల్లే?”

“ఎక్స్ఛేంజ్‌ల ఇచ్చేసిన. లాప్‌టాప్‌ల ఉన్న చిప్పే దీంట్ల గూడ ఉందని షాపాయన చెప్పిండు.”

షాపాయన అబద్ధమాడలేదు, నాకు మండిందే అందుకు. చిప్ అదే. ఈ ట్యాబ్ చేసిన కంపెనీ లాప్‌టాప్‌లో సుజాత సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తుంది. ఎందుకంటే అందులో డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, మనకు కావలసినది మనం ఎక్కించుకోవచ్చు. ట్యాబ్‌లో మాత్రం ఫోన్లలో ఉండే రకం సిస్టమ్ పెట్టి, కంపెనీ ఒప్పుకున్నవే ఎక్కాలన్నారు, వాటిలో సుజాతది లేదు. గీసిన పువ్వును సూది ఎటు నడవాలో చెప్పే కుట్లుగా మార్చడాన్ని డిజిటైజింగ్ అంటారు. ఆమె సాఫ్ట్‌వేర్ చేసే పని అదే, అది లేకపోతే ఎంబ్రాయిడరీ మిషన్ కదలదు.

సుజాత తెలివితక్కువగా కొనలేదు. మా వైపు ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసే ఒడిబియ్యం వేడుకకు పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు చీర, జాకెట్ పెడతారు. సుజాత ఆ ఇళ్లకు వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చొని డిజైన్ గీస్తుంది. ఒక అవ్వ పువ్వు పెద్దగా వెయ్యమంటుంది, ఇంకో అక్క ఆకులు తీసెయ్యమంటుంది. అక్కడికక్కడే దిద్దాలంటే పెన్నున్న ట్యాబ్‌ను మించింది లేదు. వర్నిలో ఒక ఇంటివాళ్లు ఒడిబియ్యం జాకెట్లన్నీ ఆమెకే ఒప్పజెప్పారు. మాట తప్పితే ఆ వైపు మళ్లీ పిలుపు రాదు.

ఆమె ఎదుటే కంపెనీకి ఫోన్ చేసి, లాప్‌టాప్‌లో ఉన్న సిస్టమ్ ట్యాబ్‌లో ఎందుకివ్వరని అడిగాను. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

“సర్, పెద్ద సిస్టమ్ పెడితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. వేలితో చిన్న బటన్లు నొక్కడం కష్టం.”

“మరి ఈ ట్యాబ్‌కే కీబోర్డు, మౌస్ ఎందుకు అమ్ముతున్నారు? బ్యాటరీ సంగతి ఆమె చూసుకుంటుంది. వద్దన్నవాళ్లకు వద్దు, కావాలన్నవాళ్లకు ఇవ్వండి.”

“అలాంటి పనులకు మా లాప్‌టాప్ ఉంది కదా సర్.”

అదీ సంగతి. ఒక్క వస్తువుతో అయ్యే పనికి రెండు కొనాలట. బ్యాటరీ, బటన్లు అన్నీ సాకులే. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నా కోపం దిగలేదు.

చివరికి రిమోట్ యాక్సెస్ పెట్టాను. నా షాపులోని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, నెట్ ద్వారా ఆమె ట్యాబ్‌లో కనబడుతుంది. సుజాత కాసేపు చూసి అడిగింది.

“అంటే పని నీ కంప్యూటర్‌ల అయితది, బొమ్మ దీంట్ల కనవడ్తది. మరి నేను గిన్ని పైసలు వెట్టి కొన్నది అద్దమా అన్నా?”

ట్యాబ్ తీసుకొని ఇంటికి వెళ్లింది. బోధన్‌లో నెట్ పోతూ వస్తూ ఉంది. పెన్ను గీసిన గీత ఎంతకో గాని తెరమీదికి రాలేదు. సగం జాకెట్లు ఎట్లాగో అయ్యాయి. మిగతావి వర్నివాళ్లు వేరేచోట కుట్టించుకున్నారు. ఆ ఇంటి నుంచి సుజాతకు మళ్లీ ఫోన్ రాలేదు.

అప్పటి నుంచి ట్యాబ్ కొంటామని సలహా అడిగినవాళ్లతో చిప్ గురించి మాట్లాడటం మానేశాను. నీ పనికి వాడే సాఫ్ట్‌వేర్ ఏది, అది ఇందులో ఎక్కుతుందా, షాపులోనే ఎక్కించి చూపించమను, తర్వాతే కొను అంటాను. మన డబ్బుతో కొన్న వస్తువుతో ఏం చేసుకోవాలో ఇంకొకడు చెప్పడమేమిటన్న కోపం మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉంది.

సుజాతకు ఒక పాత లాప్‌టాప్ బాగుచేసి ఇచ్చాను. ఇప్పుడు ఇళ్లలో కాగితం మీద పెన్సిల్‌తో గీస్తోంది. మొన్న వస్తే ట్యాబ్ ఏం చేశావని అడిగాను.

“పిల్లలు బొమ్మలు సూస్తున్నరు. పొద్దంత సూసినా ఏం అనదన్నా అది. పని జేసుకుంటనంటేనే వద్దంటది.”