బావ సందులో బండ, నా నాలుగు టైర్లు

ఉదయం ఎనిమిదిన్నరకు సుచిత్రలోని మా ఇంటి నుంచి నా పాత కారులో బయలుదేరాను. శామీర్‌పేట దాటాక ఒక ఊళ్లో ఉంటుంది మా అక్క. రెండు నెలల క్రితం ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. తెచ్చి కొన్నాళ్లు నా దగ్గర పెట్టుకుందామంటే, వాళ్ల సందు మధ్యలో నేలలోంచి పొడుచుకొచ్చిన బండరాయి ఒకటి అడ్డం. ఆటో ముందు చక్రం సరిగ్గా దాని మీదే ఎక్కి మోకాలిని కుదిపేస్తుంది. నా కారుకేమో పొట్ట గీరుకుంటుంది. బావ ట్రాక్టర్లో దింపుతానన్నాడట. "నేనేమన్న ఎరువు బస్తానా?" అని అక్క మంచం దిగలేదు.

గుండ్లపోచంపల్లి దాకా లారీల వెనక దేకి, తొమ్మిదిన్నరకు మేడ్చల్‌లో టైర్ల దుకాణం చేరాను. యజమాని యూసుఫ్ భాయ్. రిమ్ములు మార్చకుండా ఉన్నవాటిలో పెద్ద టైర్లు వేయమని, గోడకానించిన ఒక భారీ టైరు చూపించాను.

"గిది ఏస్తే మలుపు తిప్పినప్పుడల్లా లోపల రాస్తది మేడం. మీ రిమ్ముకు గీ సైజు దాకనే పడ్తది," అని బుద్ధిమంతంగా ఉన్న ఇంకో టైరు తట్టాడు.

"బండి ఎంత లేస్తది?"

"అర అంగుళం."

"అర అంగుళానికి నాలుగు టైర్లా?"

"బండ కొట్టియ్యున్రి, అగ్గువల అయితది."

"మా బావ ఒప్పుకోడు. తాత కాలం బండంట."

"అయితే బావను మార్చున్రి," అని జాకీ అందుకున్నాడు.

ఆ పని నా చేతిలో లేదు కనుక టైర్లే మార్పించాను. ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, చాయ్ తాగి వచ్చేసరికి పదిన్నర. ఇవైనా కాస్త రాస్తాయి, స్టీరింగ్ నిండా తిప్పొద్దని యూసుఫ్ భాయ్ మరీ మరీ చెప్పాడు. శామీర్‌పేట వైపు మొదటి మలుపులోనే తిప్పాను, లోపల గర్రుమంది. ఈ పని చేయదలచినవారు మలుపుల దగ్గర పెళ్లిపెద్దలా తీరిగ్గా తిరగాలి.

పదకొండున్నరకు సందులోకి వెళ్లాను. కారు బండను తాకకుండా దాటింది. నా తల కూడా అర అంగుళం లేచింది.

"టైర్లు మార్చినవా మరదలా? నాకేం తేడా కనవడ్తలేదు," అన్నాడు బావ.

భోజనాలయ్యాక అక్క కాలు చాపుకుని వెనక సీట్లో కూర్చుంది. డిక్కీలో బియ్యం బస్తా పడింది. దిగబెట్టి వస్తానని బావ ముందు సీట్లోకి ఎక్కాడు. మనిషి నిండైనవాడు. బండ దగ్గరికి రాగానే కింద కీచుమని కారు ఆగిపోయింది. ఆ కుదుపుకు అక్క మోకాలు పట్టుకుని కళ్లు మూసుకుంది.

"బావా, జర దిగు," అన్నాను.

"నేను దిగుడేంది? నీ బండే సక్కగ లేదు."

ముప్ఫై ఏళ్ల కాపురంలో అక్క ఆయనకు ఎదురు చెప్పడం నేను చూడలేదు. కళ్లు తెరవకుండానే అంది, "దిగు. బస్తా గూడ పట్టుకపో."

బావ దిగాడు. బస్తా భుజానికెత్తుకున్నాడు. సందులోని ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి చూస్తుండగా ముందు ఆయన, వెనక మేము. ఈసారి చప్పుడు లేదు. సందు చివర బస్తా దించి, రొప్పుతూ చాలాసేపు వెనక్కి చూశాడు.

"రేపు మనిషిని పిలిపిస్త. గా బండ కొట్టిపిస్త," అని బస్తా డిక్కీలో వేసి మళ్లీ ముందు సీట్లోకి ఎక్కాడు.

తిరుగు దారిలో శామీర్‌పేట చెరువు కనబడగానే అక్క ఆపమంది. అద్దం దించుకుని, కాల్చిన మక్కకంకి తింటూ నీళ్లను చూసింది. రెండు నెలలుగా ఇంటి కప్పే చూశానంది. కాసేపయ్యాక నెమ్మదిగా అడిగింది: "అయితే చెల్లె, గాయన దిగితే పాత టైర్లతోని గూడ దాటేదేమో కద?"

నేనూ మేడ్చల్ దాకా అదే ఆలోచించాను. ముందు సీట్లో బావ నిద్ర నటిస్తూనే ఉన్నాడు.