బస్సు మెట్ల మీద అప్పజెప్పిన పని

2023లో హిందూపురం ఆర్టీసీ బస్టాండు దగ్గర, ఒక సెల్‌ఫోన్ షాపు మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడుస్తుండేది. ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఇంగ్లీషు చెప్పుకుని బతకొచ్చని మా నాయన చాలాకాలం నమ్మలేదు, నేను మాత్రం మొదటినుంచీ నమ్మాను. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాక నా విద్యార్థులు మారిపోయారు. అంతకుముందు ఇంటర్వ్యూకి భయపడి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఉద్యోగంలో చేరి, మెయిల్ చూసి భయపడి వస్తున్నారు.

శిల్ప అలా వచ్చిన పిల్లే. రొళ్ల దగ్గర పల్లె. కార్లకు ప్లాస్టిక్ భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీ. ట్రైనింగ్ అయిపోవస్తోంది, ఎవరిని పర్మనెంట్ చేయాలో ఆ వారమే తేలుస్తారు. క్లాసు మొదలుకాకముందే వచ్చి, ఫోన్ నా ముందు పెట్టింది.

"మేడమ్, దీనికి అర్థమేంది? మా మేనేజరు అందరి ముందర 'అంతా నీ నిర్లక్ష్యం' అని తిట్టె. రేపటికి ఇంగ్లీషులో సమాధానం రాసియ్యల్లంట. సరిగ్గా రాయకపోతే పర్మనెంట్ మాట మరిచిపో అన్నాడు."

సరుకు కొన్న కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ అది. గీతలు పడిన భాగాలు వచ్చాయి, మీలో ఎవరో 'డ్రాప్ ద బాల్' చేశారు, ఎవరో చెప్పండి అని సారాంశం.

ఇడియం అంటే విడి మాటల అర్థం కాకుండా మొత్తంగా మరో అర్థమిచ్చే పలుకుబడి. 'డ్రాప్ ద బాల్' అంటే పైకి బంతి జారవిడవడం. వాడుకలో, మన మీద ఉన్న పనిని ఏమరుపాటున వదిలేయడం. నిర్లక్ష్యం అనే మాట దీనికి బరువెక్కువ. అది మనిషి గుణాన్నే అంటుంది, ఈ ఇడియం ఆ ఒక్కసారి జరిగిన పొరపాటును మాత్రమే అంటుంది. మన 'చేజార్చడం' దగ్గరగా వస్తుంది గానీ, దాన్ని ఎక్కువగా అవకాశాలకు వాడతాం. ఇంకో షరతు కూడా ఉంది. ఆ పని ముందు మన చేతిలో ఉండాలి. చేతికే రాని బంతిని జారవిడిచావని ఎవరినీ అనకూడదు. ఇదంతా శిల్పకు చెప్పాను.

"అట్లయితే నేను పని లెక్కజేయనిదాన్నని వాళ్లు అనల్యా?" అంది. ముఖం కాస్త తేటపడింది.

"అనలేదు. ఇంతకీ ఏం జరిగిందో చెప్పు."

"షిఫ్టు అయిపోయే ముందర మూడో మిషన్ ముక్కల మీద గీతలు కనపడె. ఆ ట్రేలు పక్కన పెట్టి, తర్వాత షిఫ్టు నాగరాజన్నకు చెప్పినా, అవి పంపద్దు అని. ఆయన్నేమో నాకెవురూ చెప్పలేదంటాడు."

"యాడ చెప్పినావు?"

"బస్సు కాడ."

షిఫ్ట్ హ్యాండోవర్ అంటే పోయేవాళ్లు వచ్చేవాళ్లకు పని అప్పజెప్పడం. మిషన్ దగ్గర నిలబడి చేయాలి. కానీ వచ్చేవాళ్లు దిగిన కంపెనీ బస్సులోనే పోయేవాళ్లు ఎక్కాలి, డ్రైవరేమో ఆగడు. అందుకని అక్కడ అందరూ బస్సు మెట్ల దగ్గరే అప్పగింతలు కానిచ్చేస్తారట.

"ఆ బస్సు పోతే మడకశిరలో మా ఊరి బస్సు అందదు మేడమ్. ఇల్లు చేరేసరికి మా అవ్వ వీధిలో నిలబడి ఉంటాది," అంది.

నేను అప్పుడు ఇంకో ఇడియం చెప్పాను. 'ఫాల్ త్రూ ద క్రాక్స్', సందుల్లోంచి జారిపోవడం. పని ఎవరి చేతిలోనూ పడక మధ్యలో పోయిందని దానర్థం. తప్పు ఏర్పాటుది అవుతుంది, మనిషిది కాదు. "ఇది రాస్తే నీ పేరు బయటపడదు. రెండూ మంచి ఇంగ్లీషే. ఏది నిజమో మాత్రం నువ్వే చెప్పాలి," అన్నాను.

ఆమె తేల్చుకోలేకపోయింది. అలాంటప్పుడు నా పద్ధతి రోల్ ప్లే, అంటే జరిగినదాన్ని నటించి చూడడం. అప్పుడే క్లాసుకు వచ్చిన అనిత అనే పిల్లను మా సెంటర్ మెట్ల కింద నిలబెట్టాను. శిల్పను పైమెట్టు మీద నిలబెట్టి, ఆ రోజు అరిచినట్టే అరవమన్నాను. కింద సెల్‌ఫోన్ షాపులో పాట, రోడ్డు మీద ఆటోల హారన్లు. బస్సు దగ్గరి గోలకు అదేం తక్కువ కాదు.

"మూడో మిషన్ ట్రేలు పంపద్దండి!" అని శిల్ప అరిచింది.

అనిత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "మూడో మిషన్ ఏమక్కా? ఏం జేయల్ల?"

శిల్ప మెట్టు మీదే కూర్చుండిపోయింది. "నా చేతిలోనే ఉన్నింది మేడమ్. నేనే ఇసిరేసి బస్సెక్కితి," అంది.

నాకు భయమేసింది. పర్మనెంట్ కావాల్సిన పిల్ల, తన తప్పని తానే రాసిస్తే ఏమవుతుందో? ఇంకోసారి ఆలోచించుకోమన్నాను. ఆమె అప్పటికే పెన్ను తీసింది. మామూలుగా ఆఫీసు లేఖల్లో ఇలాంటి ఇన్ఫార్మల్ మాటలు నేను వాడనివ్వను. కానీ ఈసారి మొదలుపెట్టింది అవతలివాళ్లే కదా. ఆమె రాసిన ఇంగ్లీషుకు తెలుగు ఇది: "నేనే జారవిడిచాను. మిషన్ దగ్గర నిలబడి చెప్పాల్సింది బస్సు మెట్ల మీద నుంచి అరిచాను. బస్సు కాసేపు ఆగితే అందరం మిషన్ దగ్గరే అప్పజెప్పుకుంటాం."

ఆ తర్వాత శిల్ప క్లాసుకు రాలేదు. ఫోన్ చేస్తే తీయలేదు. వారం చివర్లో ఒకాయన మెట్లెక్కి వచ్చి, చెప్పులు బయటే వదిలి, గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్యాక్టరీ నాగరాజునని చెప్పాడు. గొడవకు వచ్చాడేమోనని నేనూ గొంతు సవరించుకున్నాను.

"ఆ పాప రాసింది మేనేజరు తెలుగులో చదివి అందరికీ ఇనిపించె మేడమ్. పర్మనెంట్ పేర్లలో ఆయమ్మ పేరు ఆపినారు."

"మరి నువ్వెందుకు వచ్చినావప్పా?"

తల దించుకున్నాడు. "ఆ పొద్దు అరిచింది నాకు ఇనపడింది. అంతా కాదు, మూడో మిషను, ట్రేలు అనేంతవరకు. ఏమని అడగల్యా. ఆమీద ఇనపడనేలేదని చెప్పినా. నాకూ ఒకటి రాసియ్యండి."

"రాసివ్వను. కూర్చో, నువ్వే రాస్తావు."

తనకు వినపడింది వినపడినట్టు రాసి, మేనేజరుకు ఇచ్చాడు. ఆయనకు హెచ్చరిక పత్రం ఇచ్చారు, శిల్పను పర్మనెంట్ చేశారు. బస్సు ఇప్పుడు కాసేపు ఆగుతుంది.

ఈ ఇడియం నేర్పేటప్పుడు నేను ఒక సంగతి తప్పకుండా చెబుతాను. ఎవరు జారవిడిచారని అడిగితే అందరూ చేతులు వెనక్కి పెట్టుకుంటారు. నేనే అని ఒకరు ముందు అంటే, రెండోవాళ్లు చెప్పులు విడిచి లోపలికి వస్తారు.