కట్టంగూర్ బూడిద, కొల్లాపూర్ లక్క

పందొమ్మిది వందల అరవై ఒకటి కార్తీకంలో మా అనుముల చేనుకు పేనుబంక పట్టింది. లేత తీగలన్నీ నల్లబడి, ముట్టుకుంటే జిగటగా అంటేవి. వాటి వెనకే చీమలు. పదిహేను రోజులు పొద్దున్నే పొయ్యి బూడిద చల్లాను. అది తగ్గాక, కొల్లాపూర్‌లో ఉన్న అక్కను చూసి రమ్మని అమ్మ పంపింది.

కట్టంగూర్ నుంచి మొదటి బస్సుకు నల్లగొండ చేరి, ఎనిమిదింటికి దేవరకొండ మీదుగా నాగర్‌కర్నూల్ పోయే బస్సు ఎక్కాను. కల్వకుర్తిలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. కిరాయి అంతా కలిపి మూడు రూపాయల లోపే. నా గోళ్లలో బూడిద చూసి కండక్టర్, "ఏం పటేలా, పొయ్యి కాడికెళ్లి సీదా బస్సెక్కినవా?" అన్నాడు. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, దీపాలు పెట్టే వేళకు కొల్లాపూర్‌లో దిగాను.

మర్నాడు నేను లేచేసరికి బావ బజారుకు వెళ్లాడు. పెరట్లో రేగుచెట్టు కొమ్మలకు ఏవో పుల్లలు కట్టి ఉన్నాయి. వాటి మీద గరుకైన ఎర్ర పెచ్చు, చుట్టూ చీమలు, కొమ్మ వెంట పాకుతున్న సన్నని ఎర్ర పురుగులు. చెట్టుకు చీడ పట్టిందనుకుని చాటెడు బూడిద తెచ్చి ఒక కొమ్మకు దట్టంగా చల్లాను. రెండో కొమ్మ దగ్గరికి పోతుండగా బావ వచ్చాడు.

"ఆగు బామ్మర్దీ. గది చీడ గాదు, లక్క. నా పంట."

గుట్ట మీది గూడెం వాళ్లను రెండు నెలలు అడిగితే ఆ విత్తనపు పుల్లలు దొరికాయట. పిల్ల పురుగులు బయటికి వచ్చిన నాలుగు రోజుల్లో లేత కొమ్మను పట్టకపోతే చచ్చిపోతాయి. మళ్లీ విత్తనం వానాకాలానికే. నేను చాట కింద పెట్టాను.

"మా తమ్మునికి ఏ పురుగు కనవడ్డా బూడిదే," అని అక్క నవ్వింది. బావ నవ్వలేదు. బూడిద పడ్డ పుల్లలను విప్పి, మెల్లగా ఊది, అవతలి వైపు కొమ్మలకు నారతో కట్టసాగాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. పని సాగుతుంటే కోపం తగ్గి అతనే చెప్పాడు. మా పేనుబంకా ఇదీ చెట్టు రసమే పీలుస్తాయి, తీపి కారుస్తాయి, చీమలను పిలుస్తాయి. అయితే పేనుబంక బట్ట లేకుండా తిరిగి, రెక్కలొచ్చాక ఇంకో చేనుకు పోతుంది. లక్కపురుగు కూర్చున్న చోటే తన మీద ఇల్లు కట్టుకుంటుంది. గాజులవాళ్లు కొనేది ఆ ఇంటినే.

సాయంత్రానికి కొత్త కొమ్మల మీద ఎర్రని దుమ్ములాంటిది కదిలింది. బావ చాలాసేపు చూసి, "పట్టినయ్ తియ్," అన్నాడు. అప్పుడు గాని నాకు అన్నం సహించలేదు.

నేను బూడిద చల్లిన కొమ్మ మీది పురుగులే పోయాయి, మిగతావి నిలిచాయి. మా చేన్లో చంపేదాన్ని మా బావ చెట్టెక్కించి సాకుతాడు. ఇద్దరిదీ వ్యవసాయమే. కొల్లాపూర్ వైపు కార్తీకంలో వెళ్లేవాళ్లు లక్క కట్టిన చెట్లను పొద్దున్నే చూడండి, ఎండెక్కితే పిల్ల పురుగులు సరిగా కనిపించవు. చెట్టు ఎవరిదో వాళ్లను అడిగే దాకా చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి.